భోజనం తర్వాత గంట

టార్టూలో నవంబరు నాలుగింటికే చీకటి.
బల్ల మీద దీపం, నాలుగు కంచాలు,
నల్లరొట్టె కోస్తూ నాన్న బిగపట్టిన ఊపిరి.

అక్క పేరు కెర్తు. పదిహేనేళ్లు.
పెయిప్సీ సరస్సులో నాన్నని దాటి ఈదిన భుజాలు
రెండు స్వెట్టర్ల కింద వణుకుతున్నాయి.

పై వాటా ఐనో ముసలమ్మ ఉప్పు అడగడానికొచ్చి
తింటున్నవాళ్లని చూస్తే అనే మాట అనేసింది:
"రొట్టె సాగాలి!"
"సాగాలి, అవసరమే" అని బదులివ్వాలి.
ఎవరూ ఇవ్వలేదు.
ఉప్పు తీసుకోకుండానే వెళ్లిపోయింది.

ఆసుపత్రి మూడో అంతస్తులో క్యుల్లి డాక్టరు
నలుగురినీ రమ్మంది,
ఇంటి నుంచే భోజనం తెచ్చుకొమ్మంది.
వైద్యానికి వెళ్తూ
ఒళ్లో బంగాళదుంపల గిన్నె పెట్టుకున్న కుటుంబం
ఆ బస్సులో మేమొక్కళ్లమే.

అమ్మ గుమ్మం దగ్గరే ఆగింది.
కడుపు చించుకుంటే పడేది మన కాళ్ల మీదే కదా.
"ఎవరి తప్పని అడగను" అంది డాక్టరు.
"పడవలోకి నీళ్లొస్తున్నాయి. ముందు తోడండి.
చిల్లు సంగతి ఒడ్డుకెళ్లాక."

తలా ఒక పని ఇచ్చింది.
అమ్మ వడ్డించాలి, బేరమాడకూడదు.
నాన్న పక్కన కూర్చోవాలి.
మంచు రోడ్డు మీద నలభై మందితో బస్సు నడిపే మా నాన్న
కుర్చీలో అరగంట కూర్చోలేక
గోళ్లతో బల్ల అంచు గీకాడు.

"యోసెప్, నువ్వు ముద్దలు లెక్కపెట్టకు.
కాపలా నీ పని కాదు.
తిన్నాక గంటసేపు అక్కతో ఉండు. అంతే."

నేను లెక్కపెడుతున్నానని ఆవిడకెలా తెలిసింది?

చెప్పనిది ఇంకొకటుంది.
స్వెట్టర్ చేతిలోకి జారిన వెన్నరొట్టె నేను చూశాను.
మర్నాడు దాన్ని పిచ్చుకలకి వేసిందీ నేనే.
అక్క తన చాక్లెట్లన్నీ నాకిచ్చేది.
ఆ చలికాలం నా అంత అదృష్టవంతుడు
మా బళ్లో లేడనుకున్నాను.

మూడో వారం, ఒక బుధవారం.
సూప్ మూడుసార్లు వేడిచేశారు.
"నన్ను చంపుతున్నావు" అంది అక్క, అమ్మతో.
గొంతు అక్కదే, అరుపు మాత్రం
అక్క లోపల అద్దెకి దిగినదెవరో వాళ్లది.
ఆ అరుపు మీదుగా అక్కతోనే మాట్లాడమంది డాక్టరు.
అమ్మ మాట్లాడింది:
"నీకెంత కష్టంగా ఉందో తెలుస్తోంది. దుంప ఇంకొకటుంది."

కంచం ఎగిరిపడింది.
నేను చెవులు మూసుకున్నాను, కళ్లు మూసుకోలేదు.
నాన్న వంగి నేల మీది రొట్టె తీశాడు,
నాయనమ్మ చేసినట్టు దాన్ని ముద్దు పెట్టుకున్నాడు,
పక్కన పెట్టాడు.
కత్తి అందుకుని ఇంకో ముక్క కోశాడు.
అంతే మందం.
వెన్న కూడా అంతే.
మళ్లీ కూర్చున్నాడు.
బల్ల అంచు గీకలేదు.

తినడానికి గంటా నలభై నిమిషాలు పట్టింది.
తిన్నది, ఏడుస్తూ, మా ఎవరి వైపూ చూడకుండా.

తర్వాత నా గంట.
సోఫా మీద కాళ్లు ముడుచుకుని పేకముక్కలు పంచాను.
అక్క చెయ్యి వణికింది. మాట లేదు.
నాలుగో ఆటలో
ఇస్పేటు రాణి కనబడకుండా పోయింది.
స్వెట్టర్ చేతి దగ్గర చిన్న కదలిక.

ఆ చేతినే, ఆ జారడాన్నే,
ఎన్నాళ్లు చూసీ నోరు మూసుకున్నానో!
ఈసారి ఇల్లు అదిరేలా అరిచాను:
"అమ్మా! అక్క దాచేస్తోంది!"

వంటింట్లోంచి అమ్మ సబ్బు చేతులతో పరిగెత్తుకొచ్చింది,
వెనకాల నాన్న, చేతిలో గిన్నెతో.
అమ్మ వణుకుతూ అక్క స్వెట్టర్ చెయ్యి దులిపింది.

రాణి పడింది.
ఒక్క రాణే.

అమ్మ నేల మీదే కూలబడి
నవ్విందో ఏడ్చిందో నేను చెప్పలేను.
అక్క మాత్రం, "చిన్నప్పట్నుంచీ ఇంతే,
వీడికి ఓడిపోవడం రాదు" అంది.

రేపు పొద్దున ఏడింటికి గంజి, పాలు.
అక్క మళ్లీ అరుస్తుందనే అనుకుంటున్నాను.
ముక్కలు సర్ది
దిండు కింద పెట్టుకున్నాను.