నాలుగు వారాలు

డింబాజాలో గాలి ఎర్రమట్టిని ఎత్తుకొచ్చి
నా టాబ్లెట్ తెర మీద పోస్తుంది.
చొక్కా చేతితో తుడిచి, అచ్చులో ఉన్నట్టే అడుగుతాను:
"గడిచిన నాలుగు వారాల్లో
పని కోసం వెతికారా?"

వుయిసిలే రేకు గుమ్మంలో కూచుని
బూటు అడుగున అట్టముక్క మారుస్తున్నాడు.
పదకొండేళ్ళు గుడ్డల మిల్లులో నూనె తుడిచిన చేతులు,
గోళ్ళ కింద ఆ నలుపు ఇంకా దిగలేదు.
"ఎక్కడ వెతకమంటావమ్మా?
మిల్లు గేటుకి వేసిన తాళమే తుప్పు పట్టి రాలిపోయింది.
ఈస్ట్ లండన్‌కి టాక్సీలో రానూపోనూ నూట యాభై రాండ్లు.
'లేదు' అన్న మాట ఇక్కడ ఊరికే దొరుకుతుంటే
అంత పోసి అక్కడిదాకా వెళ్ళి కొనుక్కోవడం దేనికి?"

"వెతకలేదు" అన్న గడి నొక్కాను.
అంతే, వుయిసిలే నిరుద్యోగి కాకుండా పోయాడు.
అలాగని ఉద్యోగీ కాడు.
ఆ రెంటికీ అవతల బూడిదరంగు వరస ఒకటుంది,
అక్కడ కూచోబెట్టి వచ్చాను.

శిక్షణలో మాకు బోర్డు మీద గీసి చూపించారు,
గీతకి పైన లవం, కింద హారం.
లవంలోంచి ఒకడు పోయాడు, హారంలోంచి ఒకడు పోయాడు,
ఇద్దరూ వుయిసిలేనే.
కాళ్ళరిగేలా తిరిగితేనే పని లేనివాడు,
అరిగిన కాళ్ళు చాపుకుంటే
పనితో పనే లేనివాడు.

వీధికి నలుగురు తేలారు అలాంటివాళ్ళు.
చలికాలం చివర రేడియో చెప్పింది:
నిరుద్యోగం కొంచెం తగ్గిందట.
ఆ పూట మా వీధుల్లో
ఒక్క పొయ్యి కూడా అదనంగా వెలగలేదు.
వుయిసిలే వింటూ అన్నాడట,
"చూశావా, నేను కూచున్నందుకు దేశం బాగుపడింది."

ఆ తరవాత ఒక పుకారు బయల్దేరింది.
కార్లకి వైర్లు అల్లే ఫ్యాక్టరీ వస్తుందని, నలభై మందిని తీసుకుంటారని.
ఎవరన్నారో తెలీదు. బేకరీ దగ్గర విన్నామన్నారు అందరూ.

వుయిసిలే భార్య నోలువో
ఇరవయ్యేళ్ళుగా ఏ వరసలోనూ నిలబడనిది.
అత్తగారికి స్నానం, అత్తగారికి గంజి,
అత్తగారి పింఛను మీద ఇల్లు.
మే నెలలో ముసలామె పోయింది, పింఛనూ ఆమె వెంటే నడిచింది.
ఇప్పుడు నోలువో పక్కింటి బూట్లు అడిగి తెచ్చి
ముందు భాగంలో కాగితం ఉండ కుక్కి
తెల్లారుజామున నాలుగింటికి మంచులో వెళ్ళి నిలబడింది.
వెనకాల వుయిసిలే, కొత్త అట్టముక్కతో.
వాళ్ళ వెనక ఆరువందల మంది.
గేటు తెరవలేదు. గేటు అసలు ఇంకా కట్టలేదు.

నేను మళ్ళీ వెళ్ళాను, అదే ప్రశ్న పట్టుకుని.
"వెతికారా?"
"వెతికాం!" అన్నారిద్దరూ ఒక్కసారే
బడిలో హాజరు పలికినట్టు.
నొక్కాను. ఒకే ఇంట్లో ఇద్దరు నిరుద్యోగులు లేచి నిలబడ్డారు.
రేడియో ఈసారి గొంతు తగ్గించి చెబుతుంది, పెరిగిందని.
ఎవరో ఆందోళన చెందుతారు.
ఆశ మొలకెత్తిన వారం
ఆ లెక్కలో అలాగే కనబడుతుంది మరి.

నోలువో టీ ఇచ్చింది, పాలు లేకుండా.
"నీది పర్మనెంటా?"
"శుక్రవారం దాకా. ఆ తరవాత టాబ్లెట్ అప్పజెప్పాలి."
"మరి సోమవారం నిన్ను ఎవరు అడుగుతారు?"
నా నోట మాట రాలేదు.
ఆమె నా కాళ్ళ వైపు చూసింది.
"ఆ బూట్లు ఏ సైజు?"
"ఐదు."
"నాదీ ఐదే," అని ఆగి, కప్పు ఒంపేసి అంది:
"వద్దులే. నీకే కావాలి.
చీకటుండగానే రా,
క్యూలో చోటు పట్టి ఉంచుతాను."