నాలుగు బై పద్నాలుగు

టూరు కుర్రాడు రంగుల కాగితం పరిచాడు:
పదకొండు రోజులు, ఏడు దేశాలు,
పొద్దున ఇడ్లీ, రాత్రి పప్పన్నం,
"ఎర్రజెండా వెనక నడవడమే మేడమ్,
తప్పిపోయే మాటే లేదు."

ముప్పై రెండేళ్లు
మున్సిపల్ స్కూల్లో గ్లోబు తిప్పాను.
నా వేలు రాసుకుని రాసుకుని
పసిఫిక్ తెల్లబడింది.

ఉండేది బ్రాడీపేట.
లైను ఎన్నో, అడ్డరోడ్డు ఎన్నో చెబితే
కళ్లు మూసుకుని దింపేస్తాడు ఆటో మస్తాన్.
అక్షాంశం, రేఖాంశం.
గుంటూరులో తప్పిపోవడానికి చోటేది?

కాగితం నాలుగు మడతలు పెట్టి
ఊగే బల్లకాలి కింద దోపాను.

హనోయ్‌కి ఒక్క టికెట్టు.
హోటలు మూడు రాత్రులకే.
నాలుగో రోజు గడిలో
ఏం రాయాలో తోచక
పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం.

చెల్లెలు కోటేశ్వరి
మాట్లాడకుండా రబ్బరు అందించింది.

దాచేశాను.