మైనస్ పది

వేట నిషేధం రోజులు.
హార్బర్లో బోట్లన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ
పనిలేని మగాళ్లలా నిలబడ్డాయి.
ఐస్ ఫ్యాక్టరీ మూగబోయింది.
కాటా దగ్గర నా గుమస్తా పనికి
రెండు నెలల సెలవు, జీతం లేకుండా.

అందుకని జాలారిపేటలో, మేడమీద రేకుల గదిలో
సప్లిమెంటరీ పిల్లలకి లెక్కలు చెబుతున్నాను.
తలకి మూడొందలు.
లేనివాళ్లు ఎండు నెత్తళ్లు తెస్తారు,
అవీ ఫీజే.

ఈ పూట వర్గ సమీకరణం.
పుస్తకంలో లెక్క ఎవరిదో పొలం గురించి.
గట్టు తొక్కి ఎరగని పిల్లలు వీళ్లు.
పొలం కొట్టేసి వల అని రాశాను,
మీటర్లు కొట్టేసి బారలు అని రాశాను.
వెడల్పు కన్నా పొడవు మూడు బారలు ఎక్కువ,
వైశాల్యం డెబ్బై చదరపు బారలు.
వెడల్పెంత?

ఎక్స్ స్క్వేర్, ప్లస్ మూడు ఎక్స్, మైనస్ డెబ్బై.
ఈక్వల్ టు సున్నా అనగానే
"మా అయ్య జేబీలాగ" అన్నాడొకడు.
అందరూ నవ్వారు. నేనూ.

గుణిస్తే డెబ్బై, తేడా మూడు, వెతకండర్రా అన్నాను.
ముప్పై అయిదూ రెండూ పట్టుకొచ్చారు, వదిలేశారు.
పద్నాలుగూ అయిదూ, అవీ జారిపోయాయి.
చెమటలు కారి, తిట్టుకుని,
ఆఖరికి పదీ ఏడూ పడ్డాయి.

ఏడు.
లేదా మైనస్ పది.

ఇక్కడికొచ్చాక ఇరవై ఏళ్లుగా నేను చేసేది ఒకటే.
"వెడల్పు రుణాత్మకం కాదు కాబట్టి" అని రాసి
మైనస్ పది మీద అడ్డంగా గీత.
కాటా మీంచి నలిగిన కానాగంతని
చూడకుండానే పక్కకి తోసినంత తేలిగ్గా.

"కొట్టీకండి సారూ."

వెనక వరసలోంచి, గరికిన పైడిరాణి.
మార్చిలో పద్నాలుగు మార్కులు.
పొద్దుట్నుంచీ అయ్యతో కలిసి వల బాగుచేసి
వేలికి చుట్టిన నైలాన్ దారం విప్పకుండానే వచ్చింది.

"మైనస్ పదికి మూడు కలిపితే ఏటవుద్దండి?"
మైనస్ ఏడు.
"రెండూ హెచ్చేస్తే?"
డెబ్బై.
"మరదే వల గదండీ.
తిరగేసి పరిసేరు, అంతే."

కాసేపు ఫ్యాను ఒక్కటే మాట్లాడింది.
కిటికీలోంచి చూశాను.
కింద ఇసక మీద వలలన్నీ తిరగేసే ఉన్నాయి.
ముడులు పైకి, చిరుగులు పైకి.
వాటి చుట్టూ మోకాళ్ల మీద వంగి
ఏడుపక్క ఎవరో, పదిపక్క ఎవరో,
ఎవరూ ఎవర్నీ తప్పంటం లేదు.

ఎన్ని బోర్డుల మీద, ఎంతమంది ముందు కొట్టేశానో.
డస్టరు చేతిలో ఉంది గానీ
దాంతో ఏం చెయ్యాలో తెలీలేదు.

"నువ్వన్నది నిజమే," అన్నాను.
"పరీక్షలో మాత్రం కొట్టెయ్యమ్మా.
ఆ వాక్యానికో మార్కుంటుంది."

"మార్కు కోసమైతే కొడతానండి," అంది.
నోట్సు ముందుకి లాక్కుంది.
వాక్యం రాసింది. మైనస్ పది మీద
స్కేలు పెట్టి నిదానంగా గీత గీసింది,
పెన్సిలుతో.