బి సొరుగు

మనామాల పాత మున్సిపాలిటీ కాయితాల గది.
ఏసీ ఎప్పుడూ పదహారు మీదనే ఉంటది,
మాకోసం కాదు, కాయితాలకోసం.
ఆగస్టులో స్వెటరేసుకొని దుమ్ము దులుపుత.
ఫోన్ల చెప్తే ఇంటికాడ నవ్వుతరు.

ఆ వారం ఒక ఇంగ్లీషామె వచ్చింది,
మోకాలికి పట్టీ, మెడల రెండు జతల అద్దాలు.
పేరు వినిఫ్రెడ్ పార్జెటర్.
బల్ల మీద చాపంత కాయితం పరిచింది.
ఏదో పల్లె చర్చి పుస్తకం నుంచి ఎత్తి రాసిన
మూడు వందల ఏండ్ల మనుషులు:
ఎవరికి ఎప్పుడు నీళ్ళు చల్లిన్రు,
ఎవరు ఎవరిని చేసుకున్నరు,
ఎవరిని అమ్మవారు తీసుకపోయింది.
ఒకాయన గొర్రెను దొంగిలించి జైలుకు పోయిండట,
అదిగూడ వేలు పెట్టి చూపించింది, నవ్వుకుంట.
దొంగతనాన్నిగూడ ఇంత పదిలంగ దాచుకుంటరా
అనుకున్న.

ఒక్క కొమ్మ చివర పెన్సిలు ప్రశ్నగుర్తు.
ఆంబ్రోస్ పార్జెటర్, తాతకు అన్న.
కప్తానని ఒక జాబు, గుమస్తా అని ఇంకో జాబు.
ఇక్కడ ఓడ దిగినట్టు ఉన్నది,
మళ్ళ ఎక్కినట్టు లేదు.

చెక్క సొరుగుల నిండ కార్డులు.
అరబ్బీ చిట్టాల పేర్లను
ఎన్నడో ఎవరో ఇంగ్లీషుల టైపు కొట్టి పెట్టిన్రు.
నాలుగు రోజులు ఆమె పి సొరుగు ముంగటనే కూసుంది.
పార్జెటర్, పార్గెటర్, పర్జిటర్,
వేలి కొసలు నల్లగయినయి.
నేను చాయ్ పెట్టుడు, చల్లారినంక తీసుడు.

నా పేరు పోశెట్టి.
పదకొండేండ్ల సంది బోశెట్టిని.
విమానం దిగిన పూటనే
కౌంటర్ల పిలగాడు అడిగిండు, రాసిండు, ముద్ర గుద్దిండు.
ఆ భాషల ప లేదు.
పోలీసు బోలీసు, పెప్సి బెబ్సి.
ఇప్పుడు ఎవరన్న సక్కగ పిలిస్తే
ఎనకకు తిరిగి చూస్త, ఎవన్నో పిలుస్తున్నరని.

అయిదో రోజు చాయ్ పెడుతుంటే నోరాగలేదు.
"మేడం, బి చూడుండ్రి."
నా మెడల బతాక చూపించిన.
ఆమె ముందు కార్డును చూసింది, తర్వాత నన్ను చూసింది,
నాలుగు రోజుల్ల మొదటిసారి.

బార్జితర్. నస్రానీ. బొగ్గు కాంటా దగ్గర పని.
అద్దె ఇల్లు. బాకీ పద్దెనిమిది రూపాయలు.
(మన రూపాయలే అప్పుడు ఇక్కడ నడిచేటియట.)
ఇంట్ల ఒక ఆడమనిషి, ఇద్దరు పిల్లలు.
పేర్లు రాయలేదు.

ఆమె చాన సేపు మాట్లాడలేదు.
తర్వాత కిటికీకాడికి పోయి
కింద బస్సుకోసం నిలబడ్డోళ్ళను చూసింది,
ఒక్కొక్క మొఖం, ఒక్కొక్క ముక్కు.

"మీ ముత్తాత పేరేంది?" అని అడిగింది.
తెల్వదన్న. పహాణీల దొర పేరే ఉంటది, దున్నినోని పేరుండదు.
పటం పట్టుకొని మా గోత్రాలు చెప్పేటోళ్ళు వచ్చేది,
కుంచెడు వడ్లల్ల తక్కువ పడితే
ఒక తరాన్నే మింగేటోళ్ళు.
మా రూముల ఆరుగురం ఉంటం,
నలుగురికి జూన్ ఒకటే పుట్టినరోజు.
బడి పంతులుకు ఆ తారీకంటే ఇష్టం.
ఇవన్ని నాకొచ్చిన ఇంగ్లీషుల ఎట్ల చెప్పాలె?
"నో పేపర్, మేడం" అన్న.

ఆమె రబ్బరుతో ప్రశ్నగుర్తు తుడిచింది.
దాని కింద రెండు సన్నగీతలు గీసింది,
కొసకు ఏం రాయకుండ వదిలేసింది.
పొట్టు నేలమీద పడ్డది. అది నా పని.

పోయేటప్పుడు నోటుబుక్కు తీసింది,
సాయం చేసినోళ్ళ పేర్లు రాసుకుంటదట.
"పి తోటా, బి తోటా?" అని అడిగింది.
పెన్ను ఆగి ఉన్నది.
అమ్మ పెట్టిన పేరు నాలిక మీదికి వచ్చింది.
బతాకల ఉన్నట్టే రాయమన్న.
రేపు ఎవరన్న ఎతుక్కుంట వస్తే
ఆ సొరుగులనే గద దొరకాలె.