బూటులో పెరిగిన ఎరుపు

హువాలియెన్‌లో భూమికి సరిగా నిద్ర పట్టదు.
మాకది అలవాటే.
టీ కప్పు జరిగితే చేయి అడ్డం పెడతాం,
మాట మాత్రం ఆపం.

ఆ రాత్రి నా ఎక్స్‌రే యంత్రం
తనంతట తనే ఆగిపోయింది.
పై అంతస్తులో గాజు పగిలిన చప్పుడు,
వెనకే నకావ్ గొంతు.
అమిస్ భాష నాకు రాదు,
తిట్టని మాత్రం తెలిసింది.

పదకొండు సన్న గొట్టాలు ఆమెవి.
అడుగున రాగి గుంపులు కరిగిన ద్రవం,
దానిమీద, ఊపిరి బిగబట్టి పోసిన హెక్సేన్.
పైది కిందికీ కిందిది పైకీ
వారాల తరబడి, ఎవరూ చూడనట్టు, ఇంకాలి.
నలభై సెకన్లు ఊగింది నేల.
పది గొట్టాల్లో బురద మిగిలింది,
పదకొండోది నేలపాలు.
మూతలు వదులైన చోట
తెల్లారేసరికి ఆ బురదకీ చిలుము.

రాగికి గాలంటే పడదు.
బంగారమైతే నిశ్చింతగా కూర్చునేది.
దీనికి కాపలా కావాలి:
గుంపు చుట్టూ గంధకం చేతులు,
ఆ చేతులకు వేలాడే కార్బన్ తోకలు,
సందుల్లో ఫాస్ఫరస్.
ఆ గంధకం కంపు
నకావ్ జడలోంచి ఎన్ని తలస్నానాలకీ పోదు.
బస్సులో ఆమె పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే.

మా తాత జింగ్వాషి గనిలో రాగి తవ్వాడు.
టన్నుల్లో తప్ప మాట్లాడేవాడు కాదు.
ఇరవై పరమాణువులు, తాతా, అంటే
చేతిలో ఉమ్మేసి చూపించేవాడేమో,
ఇందులో అంతకన్నా ఎక్కువుందని.

కానీ ఇరవైకి దిగాక రాగి వేరే మనిషి.
లోహపు ముద్దలో సంతజనంలా
తోసుకుంటూ తిరిగే ఎలక్ట్రాన్లకు
ఈ ఇరుకింట్లో మెట్లు వచ్చిపడతాయి.
ఈ మెట్టు, కాదంటే ఆ మెట్టు.
నడుమ కాలు మోపే చోటు లేదు.
అందుకే దీనికి చెంబు రంగు ఉండదు,
తొలి వంపు టీలా లేత పసుపు.

ఇరవై మూడు రోజులకు వానలు పట్టుకున్నాయి.
మెట్ల కింద రబ్బరు బూట్లు తీసి
ఎడమది తొడగబోయి ఆగిపోయింది నకావ్.
లోపల ఒక మేజోడు.
మేజోడులో పన్నెండో గొట్టం.
ఎప్పుడో, కదలని చోటని దాచి, మరిచిపోయింది.
మరిచినవాడికే స్ఫటికం అని
మా ప్రయోగశాలలో పాత సామెత,
ఎవరూ నమ్మం, అందరం పాటిస్తాం.

గది చీకటి చేసి ఊదాదీపం పట్టాం.
ఎర్రగా వెలిగింది.
తీసుకున్నంతా తిరిగివ్వలేదు,
కొంత వణుకులో ఖర్చు పెట్టుకుంది.
ద్రవ నైట్రోజన్‌లో ముంచితే
వణకడం మాని
ఇంకా ఎర్రగా.

రాత్రంతా నేను దాన్ని
నూనెచుక్కలో, చల్లటి గాలిలో తిప్పాను.
పొద్దున తెరమీద
రాగి పెంకు, గంధకం కాపలా, అంతా ఉంది.
లెక్క మాత్రం కుదరలేదు.
ఆవేశాల కూడికలో ఐదు తగ్గాయి.
"హైడ్రోజన్‌లు," అంది నకావ్, "కడుపులో."
నా ఎక్స్‌రేకు అవి ఆనవు.
టపాకాయల పక్కన మిణుగురుని
ఎవరు గుర్తుపడతారు?
న్యూట్రాన్లు కావాలి,
వాటికోసం సముద్రం దాటాలి,
దాటాలంటే స్ఫటికం
ఇంతకు పదింతలు పెరగాలి.

దీపం ఆర్పాక కూడా
ఆ ఎరుపు కాసేపు నిలిచిందన్నాను, ఒట్టేసి.
నకావ్ నవ్వింది:
"దానిది పన్నెండు మైక్రోసెకన్లే.
మిగతాది మీ కన్ను."

బయట వాన.
ఆమె చెప్పులతోనే వెళ్ళింది.
మెట్ల కింద బూట్లు రెండూ
గోడవైపు తిరిగి,
ఈసారి రెంటిలోనూ మేజోళ్ళు.
నేను అటు వెళ్ళేటప్పుడు
మునివేళ్ళ మీద నడుస్తున్నాను.