తెల్ల తీగ

పడవ నీదే, తీసుకుపో అన్నాను మార్చిలో.
జూన్ దాకా రాలేదు సెల్బీ.
ఇవాళ వచ్చాడు, సముద్రం మీది పొగమంచుతో పాటు.
తలుపు తట్టలేదు, హారన్ కొట్టాడు.

ట్రైలర్ తగిలించడం అయింది. గొలుసులు వేయడం అయింది.
లైట్ల దగ్గరే వచ్చింది తంటా.
ఎడమ సిగ్నల్ వేస్తే రెండు వైపులా మినుకు మినుకు.
హెడ్‌లైట్లు వేసి బ్రేకు తొక్కితే
ఆ ఉన్న కాస్తా పోయి చీకటి.
బల్బులు మార్చాడు.
ఫ్యూజు మార్చాడు.
చివరికి ట్రైలర్‌ని ఒక తన్ను తన్నాడు.
ఇల్లు దాటితే గాండర్ దాకా హైవే,
ఈ మంచులో, వెనక దీపాల్లేకుండా.

కిటికీ దగ్గర నా టీ చల్లారింది.
నలభై నిమిషాలు ఓర్చుకున్నాను.
నాకది ఎక్కువే.

మా నాన్న టెస్ట్ ల్యాంపు తీసుకుని దిగాను.
పిడి మీద ఆయన పళ్ళ గాట్లు ఇంకా ఉన్నాయి,
రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు
నోట పట్టుకునేవాడు.

ముందు ట్రక్కు వైపు ప్లగ్గు చూశాను:
గోధుమరంగు తీగ, పసుపు, ఆకుపచ్చ,
మూడింట్లోనూ కరెంటు నిక్షేపంలా వస్తోంది.
అయితే తప్పు నీ బండిది కాదు, అన్నాను.
పడవదే అన్నమాట, అన్నాడు.
పడవది కూడా కాదు, అని
అట్టముక్క పరుచుకుని ట్రైలర్ కిందికి దూరాను.

ఎక్కి కూర్చో. తొక్కమన్నప్పుడు తొక్కు.
"తొక్కు."
"తొక్కాను."
"వదులు."
"వదిలాను."
పదకొండేళ్ళ కాపురంలో
అడిగిన వెంటనే జవాబు రావడం ఇదే మొదలు.

ఉప్పునీళ్ళలో ముంచి లేపి, ముంచి లేపి
ఎన్ని వేసవులో ఈ ఇనుముకి.
తీగ తొడుగు కాస్త గీరితే
లోపల రాగి పచ్చగా, పిండిలా రాలింది.
కేప్లిన్ చేప ఒకటి ఎండి
చట్రం సందులో ఇరుక్కుని ఉంది, కళ్ళతో సహా.
దాన్ని నేనేమీ అనలేదు.

తెల్ల తీగ చిట్టచివర, ముక్కు దగ్గర, ఒక బోల్టు.
బోల్టు అనడానికి అక్కడ బోల్టేదీ, తుప్పు ముద్ద.
పోయిన కరెంటుకి తిరిగొచ్చే దారి లేక
హిచ్ గుండులోంచి, గ్రీజులోంచి
ఎక్కడ సందు దొరికితే అక్కడ పాకుతోంది,
ఎడమ దీపానిది కుడి దీపంలో దూరుతోంది.
ట్రక్కు చట్రానికీ ట్రైలర్ చట్రానికీ మధ్య
ఒక వైరు ముక్క తాకించి చూశాను.
"తొక్కు."
నా మొహం ఎర్రబడింది, నిజంగానే,
రెండు దీపాల వెలుగులో.

"ఎఫీ, వచ్చిందా?"
వచ్చిందని వెంటనే చెప్పలేదు.
ఎందుకో తెలియదు. మోచేతి కింద గులకరాయి గుచ్చుకుంటోంది.
ఇంకోసారి తొక్కమన్నాను.

ఆకురాయితో లోహం తెల్లబడేదాకా గీకి
కొత్త రింగు, కొత్త బోల్టు, పైన గ్రీజు.
పావుగంట పని.
ఎంతయింది, అని పర్సు తీశాడు.
బోల్టు డబ్బులు ఇవ్వు, అన్నాను. ఇచ్చాడు.
చిల్లర కూడా తీసుకున్నాను.

వెళ్ళాడు. చర్చి మలుపు దాకా
రోడ్డు మధ్యలో నిలబడి చూశాను.
ఎవరైనా చూస్తే ఏమనుకునేవారో గాని
నేను చూసింది కుడి వైపు దీపం,
గుంటలో పడినప్పుడు ఆరుతుందా అని.
ఆరలేదు.

మలుపు దగ్గర అడ్డం ఏమీ లేదు,
కారు లేదు, కుక్క లేదు.
బ్రేకు తొక్కాడు.
వదిలాడు.