పదిహేను రోజుల కాగితం

ట్రిప్ షీటులో మూడో గడి: ఏం తీసుకెళ్తున్నారు?
మందులైతే పెట్టెల లెక్క రాస్తాను,
దుప్పట్లయితే మూటల లెక్క.
ఆ రాత్రి "పిల్లలు, ఇద్దరు" అని రాసి
పెన్ను కాసేపు అక్కడే పట్టుకున్నాను.

బిష్కెక్ విమానాశ్రయం, తెల్లవారుజామున నాలుగు.
సుర్గుత్ నుంచి వచ్చారు.
అక్కడ కూలీల రేకుల గదిలో, హీటరు పొగకు,
తల్లీ తండ్రీ నిద్రలోంచి లేవలేదు.
పిల్లలు ఆ రాత్రి పక్కగదిలో టీవీ చూస్తూ పడుకున్నారు.
అంతే తేడా. ఒక్క గోడ.

శాఖ నుంచి వచ్చిన గుల్‌బారా గారి చంకలో ఏడు నెలల ఫైలు.
రక్తపరీక్ష, అనువాదం, ఆ అనువాదం సరైనదేనని ఇంకో కాగితం,
తండ్రి సంతకం ఉండాల్సిన చోట
తండ్రి మరణపత్రం నెంబరు.
టికెట్ల డబ్బు ఏ పద్దులోంచని
మూడు ఆఫీసులు ఒకదాన్నొకటి అడుగుతూ గడిపేసిన చలికాలం.
నేనూ తిట్టుకున్నాను, కాదనను.
కానీ చివరికి ఏదో బల్ల దగ్గర ఎవరో "సరే" అన్నారు కదా.
ఆ ఎవరో నాకు తెలీదు.
వాళ్ళ పిల్లలు చల్లగా ఉండాలి.

అర్సెన్‌కి నాలుగేళ్ళు. ఎక్కగానే సీటుకి అడ్డంగా పడి నిద్రపోయాడు.
అక్క బెగాయిమ్‌కి తొమ్మిది.
వాడి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని
కిటికీ వైపు కాదు,
కిలోమీటర్లు తిరిగే అంకెల వైపే చూస్తూ కూర్చుంది.

బోమ్ లోయ దాటాం. చీకట్లో నది చప్పుడే గానీ నది లేదు.
కొచ్కోర్‌లో ఆపి వేడి వేడి సమ్సాలు కొన్నాను.
కూపన్ డీజిల్‌కే, సమ్సాలు నా జేబులోంచి.
సగం తిని, సగం కాగితంలో చుట్టింది.
ఎవరికమ్మా అంటే
"మళ్ళీ ప్రయాణానికి" అంది.

మళ్ళీ ప్రయాణమేంటి?

కోటు లోపలి జేబులోంచి తీసి చూపించింది:
పాస్‌పోర్టు లేనివాళ్ళకి కాన్సులేటు ఇచ్చే కాగితం.
వేలుపెట్టి చదివింది. "చెల్లుబాటు పదిహేను రోజులు."
విమానం కోసం కాచుకోవడంలోనే పదకొండు పోయాయట.
"ఇంకా నాలుగు రోజులు అవ్వ దగ్గర.
ఆ తర్వాత మమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్తారు?"

ఇరవై రెండేళ్ళుగా ఈ దారిలో బండి తోలుతున్నాను.
దోలోన్ కనుమ మీద మంచులో బ్రేకు పట్టనప్పుడు కూడా
స్టీరింగు అంత బరువెక్కలేదు.
ఆ గడువు దారికే తల్లీ, ఇంటికి కాదు, అన్నాను.
తల ఊపింది.
పెద్దవాళ్ళు ఏం చెప్పినా ఊపడం నేర్చుకున్న తల.
కాగితం మడిచి మళ్ళీ అదే జేబులో పెట్టుకుంది.

అత్‌బాషిలో బురుల్కాన్ అవ్వ రోడ్డు మీదికే వచ్చేసింది,
పిండి చేతులు కడుక్కోకుండానే.
ఏడవలేదు. ముందు అర్సెన్ బూటు విప్పి
మేజోడు తడిసిందేమో పిసికి చూసింది.
వాడికి కిర్గిజ్ రాదు, ఆమెకు రష్యన్ నాలుగు ముక్కలు.
జేబులోంచి ఎండు పెరుగుండ తీసి నోట్లో పెట్టింది.
ఉప్పుకి మొహం చిట్లించాడు,
ఇంకోటి కావాలని చెయ్యి చాచాడు.

"అందుకున్నవారి సంతకం" గడిలో
పిండి అంటిన చోట సిరా పట్టలేదు.
ఆ కాగితాన్ని ఎవరూ వెనక్కి పంపలేదు.

ఐదో రోజు నార్యిన్ ఆసుపత్రికి మందులు.
పెట్టెలు దించేసి, తిరగాల్సిన చోట తిరగలేదు.
అత్‌బాషి దాకా పోయాను.
గేటు దగ్గర బెగాయిమ్, కోటు వేసుకుని, పక్కన సంచి.
నా బండిని చూసి మొహం సున్నం కొట్టినట్టయింది.
ఎంత తెలివితక్కువవాణ్ణి,
అదే బండి, అదే రంగు, అదే సర్కారు ముద్ర.

దిగి వెనక తలుపులు రెండూ బార్లా తెరిచాను.
చూడు, ఎవరినీ తీసుకెళ్ళడానికి రాలేదు.
నువ్వు ఇక్కడే ఉన్నావా లేదా అని చూసిపోదామని.

చాలాసేపు చూసింది, ఖాళీ బండిలోకి.
తర్వాత సంచి విప్పి
రాయైపోయిన సగం సమ్సా తీసి
కుక్కకి వేసింది.

లెక్కల గుమాస్తా అడిగాడు:
తొంభై కిలోమీటర్లు ఎక్కువ తిరిగింది, దేనికని.
"గడువు తేదీ సరిచూడటానికి" అని రాసిచ్చాను.
ఆ డీజిలు ఇంకా మంజూరు కాలేదు.